బంగారు పన్ను, కల్ల చారలు

మా పెద్దమ్మకు కుడివైపు కింది దవడలో ఒక బంగారు పన్ను ఉండేది. పన్నంతా బంగారమేమీ కాదు, అరిగిపోయిన దంతం మీద తొడిగిన క్యాప్. ఆవిడ నవ్వితే ముందుగా అదే నవ్వేది. కొన్నేళ్ళ క్రితం ఆ వైపు దవడ వాచింది. దంతవైద్యుడు మామూలు ఎక్స్‌రే తీసి, సందేహం తీరక సి.టి. స్కాన్ రాశాడు. మర్నాడు ఫిల్ములు తెచ్చింది నేనే. దారిలో ఉండబట్టలేక కవరు విప్పి, ఒక ఫిల్మును ఎండకు ఎత్తిపట్టి చూశాను. దవడ ఉండవలసిన చోట ఒక తెల్లని ముద్ద, దానినుంచి నలుదిక్కులకూ చిమ్మిన తెల్లని, నల్లని చారలు. పళ్ళ వరుస లేదు, ఎముక అంచు లేదు, నాలుక జాడ లేదు. ఇంటికి వచ్చాక పెద్దమ్మ కళ్ళజోడు సవరించుకుని చూసి, "ఏమిట్రా ఇది, నా నోట్లో మతాబా కాల్చినట్టుందే!" అంది.

వైద్యుడు ఆ ఫిల్మును చాలాసేపు చూశాడు. "అమ్మా, మీ వాపు సరిగ్గా ఈ చారల వెనకాలే ఉంది. అక్కడ ఏముందో ఈ బొమ్మ చెప్పదు" అన్నాడు. ఆ మాట నా మనసులో నాటుకుపోయింది. లక్షలు పోసి కొన్న యంత్రం, ఇంత చిన్న తొడుగు ముందు ఎందుకు గుడ్డిదయిపోయింది? దానికి మందు కనిపెట్టిన వారెవరైనా ఉన్నారా? ఆ ప్రశ్నలు పట్టుకుని అప్పటినుంచి దొరికినదల్లా చదువుతూ వచ్చాను. నేను వైద్యుణ్ణి కాను, గణితంలో నా చదువు డిగ్రీతో ఆగిపోయింది. అయినా ఇందులో ఒక మంచి కథ ఉందని నాకు తోచింది. మనకు తెలియని చోట ఏమి రాయాలి, ఎంతవరకు ఊహించవచ్చు అన్న పాత తగవే ఈ కథలోనూ నడుస్తుంది. చదువరులలో తాళపత్ర ప్రతులతో కుస్తీ పట్టినవారెవరైనా ఉంటే వారికి ఇది బాగా పరిచితమైన తగవే.

ముందు ఒక మాట. ఇంగ్లీషులో వీటిని 'ఆర్టిఫాక్ట్' అంటారు. వస్తువులో లేకపోయినా బొమ్మలో కనిపించేది అని తాత్పర్యం. దీనికి నిఘంటువులు చూపే తెలుగు మాటలు నాకు రుచించలేదు. నేను 'కల్ల చారలు' అంటున్నాను.

పళ్ళకూ ఎక్స్ కిరణాలకూ ఉన్న చుట్టరికం ఆ కిరణాలంత పాతది. 1895 నవంబరులో రంట్‌జెన్ వాటిని కనిపెట్టాడు. ఆ వార్త లోకానికి తెలిసిన కొద్ది రోజులకే, 1896 జనవరిలో, జర్మనీలోని బ్రౌన్‌ష్వైగ్ పట్టణపు దంతవైద్యుడు ఒట్టో వాల్కాఫ్ తన పళ్ళనే ఫొటో తీయించుకున్నాడు. నల్ల కాగితం చుట్టిన గాజుపలకను నోట్లో పెట్టుకుని 25 నిమిషాలు కదలకుండా ఉన్నాడట. ఈ రోజు అంత మోతాదు కిరణాలు ఎవరి నోటికైనా తగిలిస్తే అది నేరమవుతుంది.

అటువంటి ఎక్స్‌రేలో లోహం ఇబ్బంది పెట్టదు. అది ఒక నీడ మాత్రమే. బంగారం నీడ తెల్లగా పడుతుంది, పక్క పన్ను నీడ పక్కనే ఉంటుంది. ఒకదాని పాపం ఇంకొకదానికి అంటదు. సి.టి. సంగతి వేరు. అందులో బొమ్మను తీయరు, లెక్క కడతారు. వస్తువు చుట్టూ తిరుగుతూ అన్ని దిక్కులనుంచీ నీడలను కొలిచి, ఇన్ని నీడలు పడాలంటే లోపల ఏది ఎక్కడ ఉండాలి అని లెక్క వేసి తేలుస్తారు. ఈ లెక్కకు మూలసూత్రాన్ని ఆస్ట్రియా గణితజ్ఞుడు యోహాన్ రాడాన్ 1917లోనే ఇచ్చాడు. ఆయన దృష్టిలో అది శుద్ధగణితం, వైద్యం ఊసే లేదు. దక్షిణాఫ్రికాలో ఎలన్ కార్మాక్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు రాడాన్ పేరు కూడా వినకుండా అదే సమస్యను తనంతట తాను సాధించి 1963, 1964లలో ప్రచురించాడు. దాదాపు ఎవరూ పట్టించుకోలేదు.

యంత్రం కట్టినవాడు గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్. గ్రామఫోను రికార్డులు అమ్మే ఇ.ఎమ్.ఐ. కంపెనీలో ఇంజనీరు, డాక్టరేటు లేనివాడు. ఆయన ప్రయోగశాలలో మొదటి నమూనా ఒక బొమ్మకు కావలసిన కొలతలు తీయడానికి తొమ్మిది రోజులు పట్టిందట. 1971 అక్టోబరు 1న లండన్ శివారు వింబుల్డన్‌లోని ఎట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో మొదటి రోగి తలను ఆ యంత్రంలో పెట్టారు. ఒక్కొక్క పొరకు 180 కోణాలలో, కోణానికి 160 చొప్పున, అంటే 28,800 కొలతలు. వాటినుంచి 80 గళ్ళు నిలువు, 80 గళ్ళు అడ్డం ఉన్న బొమ్మ వచ్చింది. 1979లో నోబెల్ బహుమతిని ఆయనా కార్మాకూ పంచుకున్నారు.

సరిగ్గా ఆ 1971లోనే మన దేశంనుంచి ఒక చిన్న పత్రం వెలువడింది. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ ఆచార్యుడు జి.ఎన్. రామచంద్రన్, ఆయన సహచరుడు ఎ.వి. లక్ష్మీనారాయణన్ కలిసి రాసినది. రామచంద్రన్ పేరు కొలాజెన్ నిర్మాణంతోనూ, ప్రొటీన్ల 'రామచంద్రన్ పటం'తోనూ జీవశాస్త్ర విద్యార్థులందరికీ తెలుసు. ఈ పత్రం సంగతి మనలో చాలామందికి తెలియదు. నీడలను వెనక్కు పరచి బొమ్మ కట్టేముందు ప్రతి నీడనూ ఒక ప్రత్యేకమైన జల్లెడ పట్టాలని, అంచులు పదును దేరేలా చేయాలని, అందుకు పెద్ద పెద్ద ఫూరియే గణనలు అక్కరలేదని వారు చూపారు. ఆ జల్లెడను నేటికీ ప్రపంచమంతటా 'రామ్-లాక్' అంటారు. రేడియో ఖగోళశాస్త్రంలో బ్రేస్‌వెల్, రిడిల్ 1967లో ఇటువంటిదే చెప్పారన్నది కూడా నిజమే. ఆ కీర్తిలో ఎవరి వాటా ఎంత అన్న చర్చకు నేను దిగను. పెద్దమ్మ నోట్లోని మతాబాకు ఈ జల్లెడతో నేరుగా సంబంధం ఉంది కనుక ఇక్కడ ప్రస్తావించాను.

ఆ సంబంధమేమిటో కొంచెం నిదానంగా చెబుతాను, ఎందుకంటే తక్కిన కథంతా దీనిమీదే ఆధారపడి ఉంది.

ఎక్స్ కిరణాల గొట్టంనుంచి ఒకే శక్తి గల కిరణాలు రావు. మెత్తనివీ కఠినమైనవీ కలగలిసి వస్తాయి. దారిలో ఏదైనా అడ్డు వస్తే ముందుగా మెత్తనివి ఇంకిపోతాయి, కఠినమైనవి మిగిలి బయటపడతాయి. లెక్క కట్టే సూత్రమేమో కిరణాలన్నీ ఒకే రకమని నమ్ముతుంది. చర్మం, కండరాల విషయంలో ఈ అబద్ధం పెద్ద నష్టం చేయదు. ఎముకలోని కాల్షియం పరమాణు సంఖ్య 20, అక్కడా సర్దుకుపోవచ్చు. బంగారం సంఖ్య 79. పంటి సందులో నింపే వెండి ఫిల్లింగులో సుమారు సగం పాదరసమే, దాని సంఖ్య 80. వాటి గుండా పోయిన కిరణం ఆవలికి దాదాపుగా చేరనే చేరదు. చేరిన పిడికెడూ కఠినమైనవే. దీనికి తోడు దారి తప్పి చెదిరి వచ్చిన కిరణాలు కొన్ని అక్కడ చేరి, అసలైన వాటికంటే ఎక్కువ సందడి చేస్తాయి. అంటే లోహం నీడ పడిన చోట కొలత తప్పు. అప్పుడు రామ్-లాక్ జల్లెడ తన పని తాను చేస్తుంది, అంచులను పదును పెడుతుంది. నిజమైన అంచు ఏదో, తప్పు కొలతవల్ల ఏర్పడ్డ అంచు ఏదో దానికి తెలియదు. తప్పును కూడా అంతే శ్రద్ధగా పదును పెట్టి, ఆ కిరణం నడిచిన దారి పొడవునా బొమ్మ మీద పరుస్తుంది. అదే కల్ల చార. రెండు లోహపు తొడుగులుంటే వాటి మధ్య నల్లని పట్టీ పడుతుంది. ఒక్క పన్ను చేసిన తప్పుకు నోరంతా శిక్ష అనుభవిస్తుంది.

హౌన్స్‌ఫీల్డ్‌కు ఈ కిరణాల గట్టిపడటం మొదటినుంచీ తెలుసు. ఆయన తొలి యంత్రంలో రోగి తల చుట్టూ నీళ్ళ పెట్టె ఉండేది. ప్రతి కిరణమూ ఒకే పొడవు దారి నడిచేలా చూస్తే తప్పు తగ్గుతుందని ఉపాయం. ఆ నీళ్ళ పెట్టెను తీసేసి, తలనే కాక శరీరమంతటినీ చూడగల యంత్రాన్ని 1970ల తొలి సంవత్సరాలలో కట్టినవాడు అమెరికాలో జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయపు రాబర్ట్ లెడ్లీ. ఈయన చదువు ఏమిటనుకున్నారు? 1948లో న్యూయార్కులో పట్టా పుచ్చుకున్న దంతవైద్యుడు! సి.టి.కి శరీరమంతా అప్పగించినవాడు పళ్ళ డాక్టరు కావడం, పళ్ళ దగ్గరే సి.టి. ఇంతగా తడబడటం చూస్తే నాకు నవ్వు వచ్చింది.

మొదటి రోజులలో పరిష్కారం చాలా సాదాగా ఉండేది. యంత్రాన్ని కొంచెం వాల్చి లోహం తగలకుండా పొరలు తీయడం, కట్టుడు పళ్ళయితే తీసి పక్కన పెట్టమనడం. గణితంతో బాగు చేయాలన్న ఆలోచన 1970ల చివర మొదలయింది. నీడలలో కొంత భాగం చెడితే దాన్ని పారేసి ఆ ఖాళీని ఎలా పూరించాలన్న ప్రశ్నను లూయిట్, బేట్స్ 1978లో చర్చించారు. 1981లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీకి చెందిన గ్లోవర్, పెల్క్ శస్త్రచికిత్సలో వేసే లోహపు క్లిప్పులవల్ల వచ్చే చారలకు ఒక పద్ధతి చెప్పారు. 1987లో జర్మనీలో సీమెన్స్‌కు పనిచేస్తున్న విల్లీ కాలెండర్, మరి ఇద్దరు సహచరులు రాసిన పత్రం ఈ రంగంలో అందరూ తలచే పత్రం. పద్ధతి చెబితే ఇంతేనా అనిపిస్తుంది. మొదట చారలతోనే బొమ్మ కట్టు. అందులో లోహం ఎక్కడుందో గుర్తించు. దాని నీడ కొలతల పట్టికలో ఎక్కడెక్కడ పడుతుందో చూడు. అక్కడి అంకెలన్నీ కొట్టివేయి. ఖాళీకి ఈ పక్కనా ఆ పక్కనా ఉన్న మంచి అంకెలను ఒక సరళరేఖతో కలిపి ఆ ఖాళీ నింపు. మళ్ళీ బొమ్మ కట్టి, చివర లోహాన్ని దాని చోట అతికించు.

ఇలా నింపడాన్ని ఇంగ్లీషులో 'ఇంటర్‌పొలేషన్' అంటారు. మన గణిత పుస్తకాలు అంతర్వేశనం అన్నాయి. కానీ అదే ఇంగ్లీషు మాటకు సాహిత్యంలో వేరే అర్థం ఉంది. కవి రాయనిది ఎవరో మధ్యలో చేర్చడం, అంటే మన ప్రక్షిప్తం. ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఉండటం నాకు కాకతాళీయమనిపించదు. తాటాకును పురుగు తిన్నచోట నిజాయితీ గల పరిష్కర్త చుక్కలు పెట్టి 'గ్రంథపాతం' అని రాస్తాడు. కొంత చొరవ గలవాడు ఛందస్సును బట్టి, ముందు వెనుకల అర్థాన్ని బట్టి రెండక్షరాలు పూరించి, అది తన పూరణ అని కింద చెబుతాడు. మూడోవాడు పూరించి ఊరుకుంటాడు. యాభై ఏళ్ళ తరువాత ఆ అక్షరాలను కవికే అంటగట్టి వ్యాసాలు రాస్తారు. స్కాన్ తెర మీద చారలు మాయమైన నున్నని బొమ్మను చూసే వైద్యుడికి ఏది కొలత, ఏది పూరణ అన్నది ఎవరు చెబుతారు?

సరళరేఖ తుంటి ఎముకకు బాగానే పనిచేసింది. కృత్రిమ తుంటికీలు ఒక్కటే ముద్ద, చుట్టూ మెత్తని కండ. నోరు అలా కాదు. అయిదారు చోట్ల లోహాలుంటాయి, ఒక్కొక్కటి ఒక్కో జాతి. దానిని ఆనుకుని శరీరంలోకెల్లా గట్టి పదార్థమైన పింగాణి, దాని పక్కనే నోటిలోని గాలి. కిరణం నడిచే దారిలో రెండు మూడు లోహాలు వరుసగా తగలవచ్చు. ఇటువంటి చోట ఇటునుంచి అటు గీత గీస్తే, మధ్యలో నిజంగా ఉన్న పంటి అంచు ఆ గీత కింద కప్పబడిపోతుంది. పాత చారలు పోయి కొత్త చారలు పుడతాయి, లోహం పక్క పన్ను అలికినట్టవుతుంది. వైద్యుడు చూడవలసింది సాధారణంగా ఆ పక్క పన్నునే.

ఇదే సమయంలో నోటి సి.టి.కి గిరాకీ పెరిగింది. స్వీడన్‌లో బ్రోనెమార్క్ 1952లో కుందేలు ఎముకలో పెట్టిన టైటానియం ఎముకతో అతుక్కుపోవడం గమనించి, 1965లో గోథెన్‌బర్గ్‌లో మొదటిసారి మనిషి దవడలో టైటానియం మరలు బిగించాడు. 1980లలో ఆ వైద్యం ప్రపంచమంతా పాకింది. మర బిగించాలంటే దవడ ఎముక ఎంత మందమో, నరం ఎక్కడ పోతోందో ముందుగా తెలియాలి. అందుకు సి.టి. కావాలి. బిగించిన తరువాత ఆ మరే చారలు పుట్టిస్తుంది! టైటానియం సంఖ్య 22, కాల్షియానికి దగ్గరి చుట్టం కనుక కొంత నయం. తెల్లగా పన్నులాగే ఉంటుందని ఇప్పుడు అందరూ మెచ్చుకునే జిర్కోనియా ఈ విషయంలో టైటానియం కంటే చెడ్డది, అందులోని జిర్కోనియం సంఖ్య 40.

1998లో ఇటలీలో మొజ్జో బృందం, 1999లో జపాన్‌లో అరాయ్ బృందం కోన్ బీమ్ సి.టి. యంత్రాలను పళ్ళకోసమే తయారుచేసి ప్రకటించాయి. వీటిలో కిరణాలు విసనకర్రలా కాక శంకువులా విచ్చుకుని, తల చుట్టూ ఒక్క చుట్టులోనే పని ముగిస్తాయి. ఈ యంత్రాలలో ఎక్కువగా వాడిన లెక్క 1984లో ఫెల్డ్‌క్యాంప్, డేవిస్, క్రెస్ రాసినది. ఆ ముగ్గురూ పనిచేసింది ఫోర్డ్ కార్ల కంపెనీ పరిశోధనశాలలో. యంత్రం చవకయింది, మోతాదు తగ్గింది, దంతవైద్యుడి గదిలోనే పట్టింది. అయితే శంకువులో చెదిరే కిరణాలు ఎక్కువ, కనుక లోహం దగ్గర తప్పులూ ఎక్కువ.

తరువాతి మెట్టు నాకు చాలా ఇష్టమైనది. 2010లో ఎర్లాంగెన్‌లో ఎస్తేర్ మేయర్, ఆమె సహచరులు ప్రచురించారు. కష్టమంతా ఎగుడుదిగుడు నేల మీద సరళరేఖ గీయడంలో ఉంది గదా, ముందు నేలను చదును చేద్దామన్నారు. చెడిన బొమ్మనుంచే ఇది గాలి, ఇది కండ, ఇది ఎముక అని స్థూలంగా విడదీసి ఒక నమూనా బొమ్మ తయారుచేస్తారు. ఆ నమూనాకు నీడలు ఎలా పడతాయో లెక్క కడతారు. అసలు కొలతలను ఈ నీడలతో భాగిస్తే పట్టిక దాదాపు చదునవుతుంది. అప్పుడు ఖాళీలో రేఖ గీసి, తిరిగి ఆ నీడలతోనే గుణిస్తే పంటి అంచులు వెనక్కు వస్తాయి. ఎంత తేలికైన ఉపాయం! కానీ నమూనాలో ఒక చారను ఎముక అని పొరబడితే, ఆ పొరపాటు రాజముద్రతో సహా తిరిగి వస్తుంది.

ఖాళీ నింపడమనే దారినే వద్దన్నవారూ ఉన్నారు. చెడిన కొలతను పారేయడమెందుకు, అది ఎందుకు చెడిందో లెక్కలోకి తీసుకుందామని వారి వాదం. 1996లో గె వాంగ్ ప్రభృతులు, 2001లో బెల్జియంలో డి మన్ ప్రభృతులు ఈ దారిలో ముఖ్యులు. ఒక బొమ్మను ఊహించి, దాని నీడలను అసలు కొలతలతో పోల్చి, తేడాను బట్టి దిద్దుతూ పదే పదే తిరిగే పద్ధతి ఇది. విచిత్రమేమంటే హౌన్స్‌ఫీల్డ్ మొదట వాడింది కూడా ఇటువంటి దిద్దుబాటు పద్ధతినే. రామ్-లాక్ వంటి శీఘ్రమార్గం దొరికాక లోకం దాన్ని వదిలేసింది, కంప్యూటర్లు బలిశాక మళ్ళీ పిలిచింది. కొరియాలో పార్క్, సియో ప్రభృతులు 2017లో ఈ చారలు ఏ రేఖల వెంబడి పుట్టాలో శుద్ధగణితంతో నిరూపించారు. లోహాల సరిహద్దులను రెండు చోట్ల తాకుతూ పోయే స్పర్శరేఖల వెంబడే అట. రెండు శక్తుల కిరణాలతో కొలిచి గట్టిపడటాన్ని మొదట్లోనే దిద్దవచ్చునని అల్వరెజ్, మెకోవ్‌స్కీ 1976లోనే చెప్పారు. అది ఆసుపత్రులకు చేరడానికి ముప్ఫై ఏళ్ళు పట్టింది.

2018 నుంచి యంత్రాభ్యాసం వంతు. ఝాంగ్, యూ ఆ సంవత్సరం ప్రచురించిన పద్ధతిలో నాడీజాలానికి చారలున్న బొమ్మలూ లేని బొమ్మలూ వేలకొద్దీ చూపి, మొదటిదాన్నుంచి రెండోదాన్ని ఊహించడం నేర్పారు. ఫలితాలు కళ్ళు చెదిరేలా ఉంటాయి. నా భయమూ అక్కడే. సరళరేఖకు పాండిత్యం లేదు, అది నింపినచోట అలికినట్టు తెలిసిపోతుంది. బాగా చదువుకున్న జాలం నింపితే అచ్చం పన్నులాంటి పన్నే గీస్తుంది. ప్రతిభావంతుడైన కవి చేసిన పూరణను పట్టుకోవడం కష్టమని మనకు తెలిసినదే. పైగా నేర్పడానికి ఒకే నోటికి లోహంతో ఒక బొమ్మ, లోహం లేకుండా ఒక బొమ్మ కావాలి. అటువంటి జంటలు ఆసుపత్రిలో దొరకడం అరుదు. అందుకని మంచి బొమ్మలో కంప్యూటరే లోహాన్ని కల్పించి, చారలనూ కల్పించి, వాటితో పాఠం చెబుతారు.

ఇది పండితుల తగవు మాత్రమే అనుకోకండి. పంటి వేరులో లోహపు పోస్టు ఉంటే, దాని పక్కన పడే నల్లని చార అచ్చం వేరు నిలువునా చీలినట్టే కనిపిస్తుంది. చీలిందనుకుంటే ఆ పన్ను పీకేస్తారు. చారల నివారణ మీట నొక్కినా ఈ చీలికలను కనిపెట్టడంలో లాభం కనబడలేదని చెప్పిన అధ్యయనాలున్నాయి. నోటి క్యాన్సరుకు రేడియేషన్ ఇచ్చేటప్పుడు పందెం ఇంకా పెద్దది. మోతాదు లెక్క సి.టి. బొమ్మలోని అంకెల మీదే నడుస్తుంది, చార పడినచోట అంకె తప్పు. ఉత్తరాంధ్ర తీరగ్రామాలలో అడ్డపొగ, అంటే చుట్ట నిప్పు కొసను నోటిలోపల పెట్టుకుని తాగే ఆడవారికి అంగిలిలో వచ్చే క్యాన్సరు వైద్యగ్రంథాలకెక్కింది. అంగిలి ఉండేది పై పళ్ళ వరుసల మధ్యనే. చారలు అల్లుకునేదీ అక్కడే.

ఐరోపా సమాఖ్య 2025 జనవరి 1 నుంచి పాదరసపు ఫిల్లింగులను దాదాపుగా నిషేధించింది, పర్యావరణం కోసం. పాత నోళ్ళలో ఉన్నవి ఉంటాయి, మరలూ జిర్కోనియా తొడుగులూ పెరుగుతూనే ఉన్నాయి. కనుక ఈ వృత్తివారికి పని తరగదు. నాకు ఒక చిన్న కోరిక మాత్రం ఉంది. పూరించిన బొమ్మతో పాటు, పూరించని బొమ్మను కూడా పక్కన పెట్టి చూపించాలి. గ్రంథపాతం దగ్గర చుక్కలు పెట్టినట్టు.

పెద్దమ్మ విషయానికి వస్తే, వైద్యుడు ఏ గణితానికీ పోలేదు. ఆ క్యాప్ ఊడదీసి మళ్ళీ స్కాన్ తీయించాడు. రెండో ఫిల్ములో దవడ ఎముక, దాని అంచు, వేరు కొసన చిన్న బుడగంత నీటితిత్తి, అన్నీ స్పష్టంగా కనిపించాయి. దాన్ని తీసేశారు, ఆవిడ కోలుకుంది. లోహంతో ఒకటి, లోహం లేకుండా ఒకటి, ఆ రెండు ఫిల్ములూ ఇప్పటికీ నా బీరువాలో ఒకే కవరులో ఉన్నాయి. క్యాప్‌ను పెద్దమ్మ కొన్నాళ్ళు కుంకుమ భరిణెలో దాచి, చివరికి కంసాలి దగ్గరకు పంపింది. పావు కాసుకు కాస్త ఎక్కువ తూగిందట.